నవలను తూచండి, చదివే మనిషిని కాదు

(కనిగిరిలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



విషయం ఎంచుకునే పని నిర్వాహకులు నాకే వదిలిపెట్టారు. ఇలాంటి సభల్లో కవిత్వం గురించో, ఒక మహారచయిత గురించో మాట్లాడటం ఆనవాయితీ. నేను తేలిక నవల గురించి మాట్లాడతాను. కాలక్షేపం నవల అనీ, ఆడవాళ్ల నవల అనీ, సీరియల్ నవల అనీ రకరకాలుగా పిలిచి మనం పక్కన పెట్టేసిన నవల అది. ఇంగ్లీషువాళ్లు దాని కొత్తతరం రూపాన్ని చిక్ లిట్ అంటున్నారు. దాని దగ్గరకొచ్చేసరికి పాఠకులు రెండు జట్లుగా ఎందుకు చీలిపోతారు, ఎవరి మాటలో ఎంత న్యాయం ఉంది అన్నదే ఈ పూట నా ప్రసంగం. మాస్టారి స్మృతికి ఇది తగిన విషయమని నా నమ్మకం.

మాస్టారి వసారా

మాస్టారి పేరు ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఊరంతా ఆయన్ని మాస్టారనే పిలిచింది. పగలు బడిలో తెలుగు చెప్పారు. సాయంత్రం ఇంటి వసారాలో పుస్తకాలు అద్దెకిచ్చారు. ఆ బీరువాల్లో పుస్తకాలకు పెద్దాచిన్నా తేడా ఉండేది కాదు. ‘మహాప్రస్థానం’ పక్కనే ‘సెక్రటరీ’ ఉండేది. ‘అసమర్థుని జీవయాత్ర’ పక్కన కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవల ఉండేది. ఏది చదవాలో ఎవరికీ తనంతట తాను చెప్పేవారు కాదు. అడిగితే మాత్రం నిలబెట్టి అరగంట చెప్పేవారు.

అద్దె పుస్తకాలు ఎలా ఉండేవో ఈ తరం పిల్లలకు చెప్పాలి. కొన్నవి కొన్నే. మిగతావి వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు వారం వారం జాగ్రత్తగా చించి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి బైండు చేసినవి. ప్రతి భాగం మొదట్లో బాపు బొమ్మో, మరొకరి బొమ్మో. వెనకవైపు సగం తెగిన వంటల శీర్షిక, వారఫలాలు, సబ్బు ప్రకటన. ఇలాంటి బైండు పుస్తకాలు మన ఇళ్లల్లో ఆడవాళ్లు కూడా కుట్టుకున్నారు. పత్రిక పాతదైతే పొట్లాలకు పోతుంది, కథ మాత్రం పోకూడదని కుట్టుకున్నారు.

పుస్తకం చివరి ఖాళీ పేజీ మీద చదివినవాళ్లు ఏదో ఒకటి రాసేవారు. చాలా షాపుల్లో దీనికి తిట్లు పడేవి. మాస్టారు ఒక తెల్లకాగితం అదనంగా అంటించి ఇచ్చేవారు. ఒకటే నియమం పెట్టారు. పుస్తకం గురించి ఏమైనా రాయొచ్చు, చదివిన మనిషి గురించి ఒక్క మాట కూడా రాయకూడదు. నియమం తప్పిన వాక్యాన్ని ఆయనే కొట్టేసేవారు. మంచి చెడ్డలు మాట్లాడుకునే పద్ధతి మా ఊళ్లో చాలామందికి అక్కడే అలవాటైంది.

‘సెక్రటరీ’ ప్రతికి అంటించిన కాగితం నాకు బాగా గుర్తు. నీలం సిరాతో ఒకరు, ఇలాంటి మగవాడు భూమ్మీద ఉండడు, ఇవి చదివి ఆశలు పెంచుకోవద్దని హెచ్చరించారు. దాని కింద పెన్సిలుతో మరొకరు, ఉండడని మాకూ తెలుసు, తెలిసే చదువుతున్నామని జవాబిచ్చారు. ఇంకొకరు బామ్మ పాత్ర బాగుందన్నారు. ఇద్దరూ ఒకటవగానే కథ ఆపేశారు, అసలు కథ ఆ తర్వాత కదా మొదలయ్యేది అని మరొకరు నిలదీశారు. అన్నిటికంటే కింద, గుండ్రటి అక్షరాలతో, రెండోసారి చదివాను అని మాత్రం ఉంది.

ఆ కాగితం మీద ఉన్న అయిదు మాటల్లో తేలిక నవల గురించి మన సాహిత్యంలో నడిచిన వాదమంతా ఉంది. వాటిని ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

ఒక నవల, ఒక కాలం

యద్దనపూడి సులోచనారాణి కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టారు. 2018 మే నెలలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కన్నుమూశారు. ఆమె తొలి నవల ‘సెక్రటరీ’ 1960ల నడుమ ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. కథ క్లుప్తంగా ఇది. జయంతి చదువుకున్న పేద పిల్ల. బామ్మ తప్ప వెనక ఎవరూ లేరు. ఇల్లు గడవడానికి ఉద్యోగంలో చేరుతుంది. రాజశేఖరం బాగా డబ్బున్నవాడు, అందగాడు, ఊళ్లో అందరూ చుట్టూ తిరిగే మనిషి. అతని దగ్గర ఆమె సెక్రటరీ అవుతుంది. అపార్థాలు, అభిమానాలు, మాటపట్టింపులు దాటుకుని ఇద్దరూ ఒకటవుతారు.

కథ ఇంతేనా అంటే ఇంతే. అయినా అది తెలుగునాట అచ్చు పుస్తకం తిరిగే తీరునే మార్చింది. మచిలీపట్నం ఎం. శేషాచలం అండ్ కంపెనీ, అంటే మనకు తెలిసిన ఎమెస్కో, చవక పాకెట్ పుస్తకాలు తెచ్చింది. ఇంటింటి గ్రంథాలయం పథకంతో నెలనెలా పుస్తకాలు పోస్టులో ఇంటికి పంపింది. రైల్వే స్టేషన్లో, బస్టాండులో నవల దొరకసాగింది. యద్దనపూడి నవలలు వరసగా సినిమాలయ్యాయి. 1973లో ‘జీవన తరంగాలు’ వచ్చింది. అదే ఏడాది ‘మీనా’ను విజయనిర్మల డైరెక్ట్ చేశారు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీలతో ‘సెక్రటరీ’ వచ్చింది. కోడూరి కౌసల్యాదేవి నవలలు కూడా అదే దారి పట్టాయి. ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది. ‘ప్రేమ్‌నగర్’ 1971లో తెలుగులో విజయం సాధించి, తర్వాత తమిళంలోకీ హిందీలోకీ వెళ్లింది. నవల మీద ఆడవాళ్ల పేరుంటే అమ్ముడుపోతుందని మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని రాసిన కాలం అది.

ఈ వెల్లువ వెనక ఏముందో చూడాలి. 1961 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో చదవను రాయను వచ్చిన స్త్రీలు నూటికి 12 మంది. పదేళ్లకు ఆ సంఖ్య దాదాపు 16 అయింది. చదువుకున్నవాళ్లలో ఎక్కువమందికి అయిదో తరగతో ఎనిమిదో తరగతో దగ్గర బడి ఆగిపోయింది. బడి ఆగిపోయినా అక్షరం చేతిలో ఉంది. ఆ అక్షరానికి పనేమిటి? ఉత్తరం చదవడం, చాకలి పద్దు రాయడం, అంతే. వాళ్లకోసం, వాళ్లు మాట్లాడే తెలుగులో, వాళ్ల వయసు పిల్ల నాయికగా పుస్తకాలు వచ్చాయి. పైగా ఆ నాయిక ఉద్యోగం చేస్తోంది. అప్పటికే చిన్న ఊళ్లకు కూడా టైపు ఇన్‌స్టిట్యూట్లు వస్తున్నాయి. లోయరు, హయ్యరు పరీక్షలకు ఆడపిల్లలు కట్టడం మొదలైంది. ఆఫీసులో కుర్చీలో కూర్చున్న ఆడమనిషి ఎలా మాట్లాడుతుంది, పై అధికారితో ఎంత దూరంలో నిలబడుతుంది, మర్యాద తప్పితే ఏం చెబుతుంది అనేవి వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. ఇంట్లో అమ్మకు తెలియదు, బడిలో చెప్పరు. మంచో చెడో ఒక నమూనా నవలలో దొరికింది.

అడ్డుచెప్పినవాళ్ల మాట

నీలం సిరాతో రాసిన పాఠకుడి వైపు ఇప్పుడు నిలబడదాం. ఆయన వాదాన్ని పలుచన చేసి తేలిగ్గా కొట్టిపారేయడం నాకిష్టం లేదు. ఎంత బలంగా చెప్పొచ్చో అంత బలంగా చెబుతాను.

మనది మెట్ట. వాన పడితే కంది, సజ్జ, పడకపోతే వలస. ఈ ప్రాంతం నీళ్లలో ఫ్లోరైడు ఉంది. పళ్లు గారపట్టిన పిల్లలు, నడుం వంగిపోయి కర్ర పట్టుకున్న నడివయసు మనుషులు మనకు కొత్త కాదు. ఇలాంటి చోట పుస్తకం పట్టుకుని మేడలు, కార్లు, ఆరడుగుల అందగాళ్ల గురించి చదవడమేమిటి? కథలో ఎవరికీ కులం ఉండదు, కరువు ఉండదు, కూలి ఉండదు. పేదరికం ఉన్నా నాయిక అభిమానాన్ని మెరిపించడానికే ఉంటుంది. డబ్బున్నవాడు పెళ్లి చేసుకోగానే అది తీరిపోతుంది. పేదరికానికి పెళ్లే మందన్నమాట. ఆడపిల్లకు ఇంతకంటే అబద్ధం ఇంకేం చెప్పాలి?

ఈ మాట వట్టి ఈసడింపు కాదు. 1970 జులైలో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. సాహిత్యం ఎవరికోసం అన్న ప్రశ్న ఆ దశాబ్దమంతా తెలుగునేలను కుదిపింది. అదే దశాబ్దంలో మేడ నవల లక్షల ఇళ్లల్లో తిరిగింది. ఒక చేత్తో కరపత్రం, ఒక చేత్తో సీరియల్ ఉన్న కాలంలో కరపత్రం పట్టుకున్నవాళ్లకు సీరియల్ మీద కోపం రావడంలో వింత లేదు. రంగనాయకమ్మ ‘కృష్ణవేణి’తో, ‘బలిపీఠం’తో ఇదే పాఠకుల ఆదరణ పొందారు. తర్వాత తన ఆలోచన మారింది, ఆ మార్పును దాచుకోలేదు. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చి ఊరూవాడా చదివించినప్పుడు ఆమె ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని ఏకంగా పుస్తకమే రాశారు. క్షుద్ర సాహిత్యం అన్న మాట ఆ రోజుల్లోనే అందరి నోళ్లలో నానింది. చేతబడి నవలకూ ప్రేమ నవలకూ పోలిక లేకపోయినా, జనం ఎగబడి చదివేదంతా ఒక గాటన కట్టే అలవాటు కూడా అప్పుడే బలపడింది.

కాబట్టి అడ్డుచెప్పినవాళ్ల మాటల్లో నిజముంది. ఆ నవలల్లో మన ఊరు లేదు. మన నీళ్లు లేవు. ఇది లోటే. దాన్ని లోటనే అనాలి.

చదివినవాళ్ల మాట

ఇప్పుడు పెన్సిలుతో రాసిన పాఠకురాలి దగ్గరకు వద్దాం. ఆమె రాసింది చాలా చిన్న మాట. ఉండడని మాకూ తెలుసు. విమర్శకులు ఎక్కువగా పట్టించుకోనిది సరిగ్గా ఈ మాటనే. ఈ నవల చదివే ఆడపిల్ల దాన్ని నిజమని నమ్మేస్తుంది, కారు వస్తుందని గుమ్మంలో నిలబడుతుంది అని వాళ్ల భయం. ఆ పిల్ల మాత్రం తనకు తెలుసనే చెబుతోంది. తెలిసే చదువుతోంది. మరి ఎందుకు చదువుతోంది?

అమెరికాలో జానిస్ రాడ్వే అనే పరిశోధకురాలు ఈ ప్రశ్ననే పట్టుకుని, ప్రేమ నవలలు విరివిగా చదివే గృహిణులను కలిసి అడిగారు. 1984లో పుస్తకంగా వేశారు. ఆ గృహిణుల మాటల సారం ఇది. పుస్తకం తెరిచిన గంట నాది, ఆ గంటలో మొగుడూ పిల్లలూ నన్నేమీ అడగరు. రాడ్వే అక్కడితో ఆగిపోలేదు. ఆ చదవడంలో చిన్న ధిక్కారం ఉందన్నారు, కథ మాత్రం ఆ ఆడమనిషిని తిరిగి అదే ఇంట్లో, అదే పద్ధతిలో కుదురుగా కూర్చోబెడుతుందని కూడా అన్నారు. రెండూ నిజమేనన్నారు. మాస్టారి కాగితం మీద నీలం సిరా, పెన్సిలు చెప్పింది కూడా ఈ రెండు మాటలే.

కనిగిరిలో ఆ గంట ఎలాంటిదో మనకు తెలుసు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మళ్లీ పొయ్యి రాజేసేలోపు వచ్చే గంట. ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టి నీడన కూర్చున్న గంట. మేడల కథలు మనకెందుకని అడిగేవాళ్లు ఒకటి గమనించాలి. ఫ్లోరైడు నీళ్లు మోసింది ఆ పాఠకురాలే. కరువేమిటో ఆమెకు పుస్తకం చెప్పనక్కర్లేదు. పొద్దున లేచింది మొదలు తాను చూస్తున్నదాన్నే మళ్లీ పుస్తకంలో కూడా చదవాలని ఆమెను శాసించే హక్కు ఎవరికీ లేదు. కష్టం గురించి రాసిన గొప్ప సాహిత్యాన్ని చాలావరకు కష్టం లేనివాళ్లే తీరిగ్గా చదివారు. కష్టపడే మనిషి తీరిక దొరికినప్పుడు కాస్త వెలుగు కోరుకుంటే అది తప్పెలా అవుతుంది?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ నవలలు ఆడవాళ్లు మాత్రమే చదివారన్నది నిజం కాదు. మాస్టారి వసారాకు ఎంతోమంది మగవాళ్లు వచ్చి, మా చెల్లికి, మా ఆవిడకు అని చెప్పి తీసుకెళ్లేవారు. రెండు రోజుల తర్వాత కథ మీద వాదించేది వాళ్లే. నచ్చిన పుస్తకాన్ని తమదని చెప్పుకోలేని పరిస్థితి మగవాళ్లకూ ఉండింది. ఈ నవలను ఆడవాళ్ల నవల అని పేరు పెట్టి చిన్నచూపు చూడటం వల్ల వచ్చిన నష్టమది.

పాత తగవు

ఆడవాళ్ల చదువు, ఆడవాళ్ల రాత, అందులోని ఆనందం మీద అనుమానం మనకు యద్దనపూడితో మొదలవలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ రాసింది. వీరేశలింగం పంతులు గారు కవుల చరిత్రలో ఆమెను తీవ్రంగా దూషించారు. స్త్రీల చదువు కోసం అంత పాటుపడిన మనిషికే, స్త్రీ శృంగారం రాయడం మింగుడుపడలేదు. బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని 1910లో మళ్లీ అచ్చు వేయించారు. ప్రభుత్వం నిషేధించింది. మూడు దశాబ్దాలకు పైగా నడిచిన ఆ నిషేధాన్ని ఎత్తేసింది ఎవరు? మద్రాసు ప్రధానిగా ఉన్న టంగుటూరి ప్రకాశం పంతులు గారు. ప్రకాశం జిల్లాకు పేరిచ్చిన మనిషే. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, నెల్లూరు నుంచి కనిగిరిని కలుపుకుని, తర్వాత ఆయన పేరు పెట్టుకున్న జిల్లా అది. కనిగిరిలో నిలబడి ఆ సంగతి చెప్పడం నాకు గర్వంగా ఉంది.

‘రాధికాసాంత్వనం’, ‘సెక్రటరీ’ ఒక కోవలోవి కావు. ఒకటి ఆరితేరిన చేతిలో పండిన ప్రబంధం, ఇంకొకటి సాయంత్రం సరదాగా చదువుకునే కథ. వాటికి తీర్పు చెప్పినవాళ్లు అడిగిన ప్రశ్న మాత్రం ఒకటే. ఆడమనిషికి ఇలాంటివి తగునా అని. ఈ ప్రశ్న పుస్తకం గురించి కాదు. మాస్టారు కొట్టేసే వాక్యం ఇదే.

మన దగ్గరే ఇలా అనుకోవద్దు. ఇంగ్లండులో జార్జ్ ఇలియట్ 1856లో, ఆడవాళ్లు రాసే పనికిమాలిన నవలల మీద ఘాటైన వ్యాసం రాశారు. అప్పటికి ఆమె ఇంకా నవలలు రాయలేదు. ఆ వ్యాసంలో ఒక గొప్ప గుణముంది. ఆమె దాడి చేసింది రచన మీద, రచనలోని డాంబికం మీద, తెలివి ఉన్నట్టు నటించడం మీద. ఆడవాళ్లు రాయకూడదని అనలేదు. బాగా రాయాలి అంది. ఆ తర్వాత తానే రాసి చూపించింది. 1996లో హెలెన్ ఫీల్డింగ్ ‘బ్రిడ్జెట్ జోన్స్ డైరీ’ వచ్చింది. లండన్‌లో ఒంటరిగా ఉద్యోగం చేసుకునే ముప్పై దాటిన పిల్ల, తన బరువు, తన సిగరెట్లు, తన ఒంటరితనం లెక్కపెట్టుకుంటూ రాసుకున్న డైరీలాంటి నవల. ఆ నవల జేన్ ఆస్టిన్ 1813 నాటి ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ కథను అల్లరిగా వాడుకుంది. లక్షలమంది చదివారు. 2001లో బెరిల్ బైన్‌బ్రిడ్జ్, డోరిస్ లెస్సింగ్ వంటి పెద్ద రచయిత్రులు ఈ తరహా నవలలను తేలిక సరుకని తీసిపారేశారు. జేన్ ఆస్టిన్ రాసిందీ పెళ్లిళ్ల గురించే కదా అని అభిమానులు అడిగారు. అక్కడా రెండు జట్లే. అక్కడా వాదం నవల దగ్గర మొదలై, చదివే ఆడపిల్ల తెలివి దగ్గరకు జారిపోయింది.

ఎలా తూచాలి

ఇప్పుడు నా మాట చెబుతాను. తేలిక నవలను వెనకేసుకురావడానికే నేనిక్కడికి వచ్చానని అనుకోవద్దు. దాన్ని నిక్కచ్చిగా తూచాలి. తేలికది కదా, పోనీలే అని వదిలేయడం కూడా చిన్నచూపే. కాలక్షేపానికేగా, ఎలా ఉంటేనేం అన్నవాడు ఆ నవలనూ గౌరవించడం లేదు, దాన్ని చదివే మనిషినీ గౌరవించడం లేదు.

అయితే వేరే పుస్తకానికి వేసే ప్రశ్నలు దీనికి వేస్తే ప్రయోజనం లేదు. విప్లవం ఏదని ‘సెక్రటరీ’ని అడిగితే అది జవాబు చెప్పదు. అడగాల్సినవి వేరు. నాయిక తన బతుకు గురించి ఒక్క నిర్ణయమైనా తానే తీసుకుందా? సంభాషణలు నోట్లోంచి వచ్చినట్టు ఉన్నాయా, కాగితం మీంచి వచ్చినట్టు ఉన్నాయా? నాయకుడి కోపాన్ని, మొరటుతనాన్ని, ఒక్కోసారి చెంపదెబ్బను కూడా ప్రేమ కిందకే లెక్కవేశారా? నల్లగా ఉన్న పిల్లను, లావుగా ఉన్న పిల్లను, పనిమనిషిని నవ్వించడానికే పెట్టారా? రెండో ఆడమనిషి ఎప్పుడూ దుర్మార్గురాలేనా?

ఈ ప్రశ్నలు వేస్తే నవలలు వేర్వేరు మెట్ల మీద నిలబడతాయి. జయంతికి అభిమానం ఉంది. జీతం అవసరమైనా మర్యాద తగ్గితే తలవంచదు. 1960ల్లో ఒక ఆడపిల్ల, కుర్చీలో కూర్చున్న డబ్బున్న మగవాడితో సమానంగా మాట్లాడటం పాఠకురాలు చూసింది. అది తక్కువేమీ కాదు. అదే సమయంలో, అంత అభిమానం ఉన్న పిల్ల బతుక్కి గమ్యం అతని చేతుల్లోనే ఎందుకుండాలి అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. ఇద్దరూ ఒకటవగానే కథ ఆపేశారన్న పాఠకురాలు అడిగింది ఇదే. ఆమె ఏ విమర్శ గ్రంథమూ చదివి ఉండకపోవచ్చు. తేలిక నవలకున్న అసలు హద్దు ఎక్కడో ఆమె వేలు పెట్టి చూపించింది. ఆ ప్రశ్నకు తర్వాతి తరం రచయిత్రులు పెద్ద నవలలతోనే జవాబు చెప్పారు. ఓల్గా ‘స్వేచ్ఛ’ 1987లో వచ్చింది, అది పెళ్లి తర్వాతి కథే. సీరియళ్లు చదివి పెరిగిన పాఠకులు ఎంతోమంది ఆ నవలనూ చదివారు. తేలిక నవల దగ్గర ఆగిపోయినవాళ్లున్నారు, దాని మీదుగా ముందుకు నడిచినవాళ్లూ ఉన్నారు. ఆగిపోయినవాళ్లనే లెక్కపెట్టడం న్యాయం కాదు.

రెండోసారి చదివానన్న అయిదో పాఠకురాలిని కూడా మరిచిపోకూడదు. ఆమె ఎందుకో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. తీరిక లేని మనిషి ఒక పుస్తకానికి రెండోసారి తన పొద్దు ఇచ్చిందంటే, అందులో ఆమెకు ఏదో దొరికింది. ఆ దొరికినదేమిటో వెతకడం విమర్శకుడి పని. దొరకకూడదనడం ఎవరి పనీ కాదు.

ఆ కథలు ఇప్పటికీ పాతబడలేదు. 2016లో ‘అ ఆ’ సినిమా వచ్చినప్పుడు, ఇది ‘మీనా’ కథ కదా అని పాత పాఠకులు వెంటనే పోల్చుకున్నారు. పాతికేళ్ల పిల్లలు ఆ మాట విని నవల వెతుక్కుని చదివారు. ఇవాళ మన ఆడపిల్లలు బస్సులో సెల్‌ఫోన్ పట్టుకుని ప్రతిలిపి వంటి యాప్‌లలో సీరియళ్లు చదువుతున్నారు, కొందరు రాస్తున్నారు కూడా. డెలివరీ అయి పుట్టింట్లో ఉన్న పిల్ల, హైదరాబాద్ హాస్టల్లో ఉన్న పిల్ల, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న పిల్ల రాస్తున్నారు. వాళ్ల కథల్లో కారు, మేడ ఇప్పటికీ ఉన్నాయి. కానీ ఈఎంఐ కూడా ఉంది, అత్తగారి ఫోను ఉంది, ఆఫీసులో పై అధికారి వేధింపు ఉంది. బాగోలేనివి బోలెడున్నాయి. చదివి, ఏది ఎందుకు బాగోలేదో వాళ్లకు చెప్పే మనిషి లేడు. మనం చదవం, చదవకుండానే పెదవి విరుస్తాం. పాత తప్పునే కొత్తతరం మీద మళ్లీ చేస్తున్నాం.

చేయగలిగింది

చివరిగా, మాస్టారి పేరు మీద ఈ ఊరికి కొన్ని విన్నపాలు.

1960 గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతుంది. ఆ డబ్బు పెద్ద విమర్శకుడిదీ, అయిదో తరగతి చదివిన ఇల్లాలిదీ కూడా. కాబట్టి గ్రంథాలయంలో ఇద్దరి పుస్తకాలూ ఉండాలి. యద్దనపూడి, కౌసల్యాదేవి, మాదిరెడ్డి సులోచన నవలలు చిరిగిపోయాయని తీసేయకుండా కొత్త ప్రతులు తెప్పించమని అడుగుదాం. వాటి పక్కనే రంగనాయకమ్మ, ఓల్గా కూడా ఉండాలి. ఒకరి మీద మరొకరు ఏమన్నారో పాఠకులు తామే చదివి తేల్చుకోవాలి.

రెండోది. ఇళ్లల్లో అటకల మీద కుట్టిన సీరియళ్లు ఇంకా ఉన్నాయి. వాటిని పాత కాగితాలవాడికి వేసేముందు ఒక్కసారి ఆగండి. చాలా నవలలు పుస్తకంగా రాకుండా సీరియల్ దగ్గరే ఆగిపోయాయి. తెలుగు ఆడవాళ్లు ఏం చదివారో రేపు ఎవరైనా పరిశోధించాలంటే ఆధారం ఆ బైండు పుస్తకాలే. మార్కాపురంలో, గిద్దలూరులో, మన ఊళ్లో డిగ్రీ కాలేజీల తెలుగు శాఖలు ఈ పని తలకెత్తుకుంటే విద్యార్థులకు సొంత ఊరి సాహిత్య చరిత్ర చేతికొస్తుంది.

మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. నెలకొకసారి ఒక తేలిక నవల తీసుకుని కూర్చుందాం. ఆడవాళ్లకు వీలైన వేళ పెట్టుకుందాం, అంటే మధ్యాహ్నం మూడింటికి. నచ్చిందన్నవాళ్లు ఎందుకు నచ్చిందో చెప్పాలి. నచ్చలేదన్నవాళ్లు ఏ పేజీలో, ఏ మాట దగ్గర నచ్చలేదో చూపించాలి. నువ్వు ఇలాంటివి చదువుతావా అన్న మాట ఒక్కటి అక్కడ వినపడకూడదు. ఇంటర్ చదివే పిల్లలను, పొలం పనికి వెళ్లే అక్కలను, రిటైరైన టీచర్లను ఒక చాప మీద కూర్చోబెడదాం. అభిప్రాయం చెప్పడం నేర్చుకున్న మనిషి నవల దగ్గర ఆగదు. పంచాయతీలో చెబుతుంది, ఆస్పత్రిలో చెబుతుంది, ఇంట్లో చెబుతుంది.

మొదటి సమావేశానికి పుస్తకం మీరే ఎంచుకోండి. ఎంచుకోవడం దగ్గరే గొడవ పడితే అదీ మంచిదే. నచ్చినవాళ్లూ రండి, నచ్చనివాళ్లూ రండి.